గంటల లోయ, చివరి పది నిమిషాలు

ఆరిన బట్టలు మడతపెట్టడానికి నాకు సరిగ్గా ఒక ఎపిసోడ్ పడుతుంది. ముందు పాటా వెనక పాటా కలుపుకుని ఇరవై నాలుగు నిమిషాలు. మొదటి పాట అయ్యేలోపు మావారి చొక్కాలు, కథ ముదిరేసరికి పిల్లల యూనిఫారాలు, ఆ తర్వాత అత్తగారి దుప్పట్లు, చివరి పాటకి సాక్సులు. సాక్సుల్లో ఎప్పుడూ ఒకటి తప్పిపోతుంది, అది వేరే సంగతి. జపాన్ వాళ్ళ యానిమే సీరియళ్ళు, వీడియో గేముల్ని తెరకెక్కించిన సినిమాలు, నాకున్న పిచ్చి ఇదొక్కటే. తాగుడా, పేకాటా? అయినా మా ఇంట్లో దీనికి పడినన్ని మాటలు మావారి సిగరెట్లకి కూడా పడలేదు.

"నలభై నిండాయి, ఇంకా ఆ కార్టూన్లేంటోయ్?" అంటారు మావారు గుమ్మంలో నిలబడి. కోపంగా కాదు, ముద్దుగానే. ఆ ముద్దుకే నాకు ఒళ్ళు మండుతుంది. ఆదివారం ఆదివారం సోఫాలో పడి, ఎవరో ఇరవై రెండుమంది బంతి వెనక పరిగెడుతుంటే అరిచే మనిషిని నేనెప్పుడైనా వయసు అడిగానా? పెద్దది, అంటే మా పద్నాలుగేళ్ళ అమ్మాయి, ఇంకాస్త దయగా మాట్లాడుతుంది. "మా ఫ్రెండ్స్ ముందు మాత్రం చెప్పకమ్మా, ప్లీజ్." చిన్నదానికి ఏడేళ్ళు. దానికి నాతో కూర్చుని చూడటం ఇష్టమే గానీ, అయిదు నిమిషాలకోసారి ఆకలేస్తుంది.

వీటి గురించి నేను మాట్లాడేది ఒక్క చోటే. ఫోన్లో అభిమానుల గ్రూపు ఒకటుంది, అందులో నా పేరు మిణుగురు. అక్కడ అందరూ నన్ను "బ్రో" అంటారు. "భలే రాశావ్ బ్రో", "నువ్వు చెప్తే ఇంక తిరుగులేదు బ్రో." నేను దిద్దలేదు. ఆడదాన్నని తెలిస్తే ఆ "తిరుగులేదు" ఉంటుందో ఊడుతుందో అని భయం. ఆటని సినిమాగా తీసేవాళ్ళు చేసే మొదటి తప్పేంటో తెలుసా అని అక్కడ ఒకసారి పెద్ద వ్యాసమే రాశాను. నడక తీసేస్తారు. ఆటలో మనం గంటల తరబడి నడుస్తాం, గడ్డి తొక్కుతాం, దారి తప్పుతాం. సినిమా వాళ్ళకేమో ఎంతసేపూ కత్తులూ మంటలూ. నడవకుండా చేరిన చోటు మీద ప్రేమ ఎలా పుడుతుంది? దానికి నాలుగొందల మంది లైకు కొట్టారు. ఆ రోజు కూర మాడింది. తిట్లు తింటూ కూడా లోపల నవ్వుకుంటూనే ఉన్నాను.

నా మొదటి ప్రేమ "గంటల లోయ". నాకు పదమూడేళ్ళప్పుడు అన్నయ్యకి కొన్న గేము అది. వీపుకి పెద్ద గంట కట్టుకున్న ఒక పిల్ల, మంచు పట్టిన లోయలూ బురద నేలలూ దాటి, చివరి ద్వారం దగ్గరికి వెళ్ళి ఆ గంట మోగించాలి. మోగిస్తే ఏమవుతుందన్నదే కథంతా. మా ఇద్దరికీ ఒక ఒప్పందం. ఒప్పందం అన్నది అన్నయ్యే. మూలికలు ఏరడం, లాంతర్లో నూనె నింపుకోవడం, బురదలో మైళ్ళకి మైళ్ళు నడవడం నా పని. రాక్షసుడు ఎదురవగానే "ఇలా ఇవ్వవే, నీ వల్ల కాదు" అని రిమోట్ లాక్కునేవాడు. నేనేరిన మూలికలతో ప్రాణం నిలుపుకుని, నేను నింపిన నూనెతో వెలిగించుకుని, గెలిచి, చొక్కా కాలరు ఎగరేసేవాడు. ఏళ్ళ తరవాత తలుచుకుంటే నవ్వొస్తుంది. నా కాపురానికి శిక్షణంతా అక్కడే అయిపోయింది.

చివరి ద్వారం వరకూ రెండు నెలలు నడిచాను. తీరా అక్కడికి చేరాక అమ్మ పిలిచింది, చుట్టాలొచ్చారు మంచినీళ్ళివ్వమని. గ్లాసులు కడిగి వచ్చేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి. "ఏమైందిరా?" అని అడిగితే, "ఏముంది, గెలిచేశాం" అన్నాడు. ఆ వారమే గేము ఎవరికో ఇచ్చేశాడు. ఇంటర్నెట్లో వెతికితే ఆ ముగింపు రెండు నిమిషాల్లో దొరుకుతుంది. వెతకలేదు. ఎవరో ఆడిపెట్టింది చూడటమంటే మళ్ళీ అన్నయ్య భుజం మీంచి తొంగిచూడటమే నాకు.

అలాంటిది, ఇరవై ఏడేళ్ళ తరవాత దాన్ని యానిమే సినిమాగా తీశారు. మా ఊళ్ళో ఒకే హాలు, రోజూ ఉదయం పదకొండింటికి ఒకే ఆట, బుధవారం దాకా. నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను, సీసాలకి పేర్ల చీటీలు అంటించే పని. శనివారం సెలవు పడేట్టు చూసుకుని టిక్కెట్ తీసుకున్నాను. ఒక్కటి. మధ్య వరసలో మధ్య సీటు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేసినదాన్లా ఫోన్ బోర్లా పెట్టాను. ఆ చివరి ద్వారం తెరుచుకోవడం నా కళ్ళతో నేను చూడాలి, ఆ రెండు గంటలూ నన్నెవరూ పిలవకూడదు. నేను కోరింది అంతే.

మా ఇంట్లో కరెంటు దగ్గర్నుంచి గ్యాసు దాకా అన్నీ మావారి నంబరు మీదే ఉంటాయి. సినిమా టిక్కెట్లదీ అదే ఖాతా. ఆ సంగతి నాకు గుర్తులేకపోవడం నా ఖర్మ. సాయంత్రం ఫోన్ ఊపుకుంటూ వచ్చారు. "ఏమోయ్, ఒక్కటే బుక్ చేశావేంటి? తొందర్లో పొరపాటు పడ్డట్టున్నావ్. అది కాన్సిల్ చేసి అయిదు తీశాన్లే. అమ్మ కూడా బయటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది!"

పొరపాటట. నేను ఒక్కదాన్నే వెళ్ళాలనుకోవడం ఆ మనిషి ఊహకి కూడా అందలేదు. అలిగితే సమాధానం చెప్పొచ్చు, అరిస్తే తిరిగి అరవొచ్చు, ఇంత ప్రేమగా దిద్దేస్తే ఏం చేస్తాం? "థాంక్సండీ" అన్నాను. నా నోరు పడిపోను, నిజంగానే అన్నాను.

శనివారం హాల్లో నా సీటు చివర్న. "నువ్వు లేస్తూ కూర్చుంటూ ఉంటావ్ కదా, అదే నయం" అన్నారు. సినిమా మొదలైంది. ఆటలో మెనూ దగ్గర వినబడే నాలుగు స్వరాల చిన్న పాటని వయొలిన్ల మీద పెంచి పెంచి వాయించారు. నా ఒళ్ళంతా పులకరించింది. అప్పుడే చిన్నది "అమ్మా, చిప్స్" అంది. వెళ్ళి తెచ్చాను. అత్తగారికి ఏసీ పడలేదు, బ్యాగులోంచి శాలువా తీసి కప్పాను. పెద్దదానికి నీళ్ళు. మావారికి సందేహాలు. "ఆ పిల్ల ఆ గంటని అక్కడ పడేసి పోవచ్చుగా?" వివరించాను. "మరి వాడెవడు?" వివరించాను. నేను చెప్పేసరికి తెర మీద వేరే వాడొచ్చేవాడు.

చివరికి ద్వారం కనబడింది. ఇక పది నిమిషాలు ఉంటుందంతే. పిల్ల వీపున గంట విప్పుతోంది. అప్పుడు అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "అమ్మాయ్, ఇంక ఆపుకోవడం నా వల్ల కాదే." మోకాళ్ళ నొప్పి, చీకటి, మెట్లు, ఆవిడొక్కరూ వెళ్ళలేరు. పెద్దది లేవబోయింది. "నువ్వు చూడమ్మా, అమ్మ తీసుకెళ్తుంది" అన్నారు మావారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. లేచాను.

బాత్రూం గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, లోపల్నుంచే అన్నారావిడ. "నీ బొమ్మ చెడగొట్టాను కదే." "పర్లేదత్తయ్యా." కుళాయి కట్టేసి మళ్ళీ అన్నారు. "మీ మామగారితో చూసిన ఏ సినిమాకీ నాకు చివర తెలీదు. పిల్లాడు ఏడ్చేవాడు, ఎత్తుకుని బయట తిప్పేదాన్ని." ఆ పిల్లాడే ఇప్పుడు హాల్లో కూర్చుని నా సినిమా చూస్తున్నాడు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా చేతకాలేదు. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కించాను. లైట్లు వేసేశారు.

కార్లో మావారు ముగింపు చెప్పారు. "ఆ పిల్ల చచ్చిపోతుందోయ్." పెద్దది ఒప్పుకోలేదు. "చావదు నాన్నా, గంట పడేసి వెళ్ళిపోతుంది." "ఏది, నువ్వు ఫోన్ చూసుకుంటుంటేనూ!" "మీరు కళ్ళు మూసుకున్నారు, నేను చూశాను!" చిన్నది నిద్రపోయింది. తండ్రీ కూతుళ్ళు ఇంటిదాకా వాదించుకున్నారు. చూడాలని ఇరవై ఏడేళ్ళు కాచుకున్నదాన్ని నేను, చూసింది వీళ్ళు, వీళ్ళకీ తెలీదు! ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడ్చాను. "ఎలాగూ ఫోన్లోకొస్తుందిగా, అప్పుడు చూసుకుందువులే" అన్నారు మావారు. ఫోన్లోకొస్తే బట్టలు మడతపెడుతూ చూస్తాను, ఆ మాత్రం నాకూ తెలుసు.

సోమవారం ల్యాబులో సెలవు కాగితం నింపాను, మంగళవారం పూట సగం రోజుకి. కారణం అన్నచోట నిజమే రాశాను, సినిమాకి వెళ్ళాలని. సూపర్‌వైజరు కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికే వచ్చింది. నాకన్నా చిన్నది, మంచిదే పాపం. "ఏంటక్కా ఇది, జోకా? పైవాళ్ళు చూస్తే నన్ను తిడతారు. అసలు కారణం రాయి." ఇంకో కాగితం తీసుకుని, అత్తగారికి ఒంట్లో బాలేదని రాశాను. రెండు నిమిషాల్లో సంతకమైంది. "జాగ్రత్తగా చూసుకో అక్కా, పెద్దావిడ" అని భుజం కూడా తట్టింది.

మంగళవారం ఇంట్లో ల్యాబుకని చెప్పి, ల్యాబులో ఇంటికని చెప్పి, కౌంటర్లో నోటిచ్చి టిక్కెట్ కొని హాల్లో కూర్చున్నాను. తొమ్మిదిమందిమి ఉన్నాం. ఫోన్ నోరు నొక్కి బ్యాగులో పడేశాను. మధ్య వరస, మధ్య సీటు. శనివారం నేను చిప్స్ కోసం వరసలో నిలబడ్డప్పుడు పోయింది ఏంటో అప్పుడు తెలిసింది. బురద నేల. నాలుగు నిమిషాల పాటు మాటల్లేవు, కత్తుల్లేవు, ఆ పిల్ల నడుస్తూనే ఉంటుంది. బురదలో కాలు దిగే చప్పుడు, లాగే చప్పుడు. వంగి మూలికలు ఏరుతుంది. నేను ఏరిన మూలికలే, అదే నీలం రంగు, ఆకు అంచున అదే తెల్లటి గీత. నడక తియ్యలేదు! తీసినవాడెవడో గాని వాడి కడుపు చల్లగుండ. వెక్కి వెక్కి ఏడ్చాను, ఎవరూ తిరిగి చూడలేదు. అంత హాయి నాకు ఈ మధ్యన తెలీదు.

ద్వారం వచ్చింది. పిల్ల వీపున తాళ్ళు విప్పుతోంది. ఒక ముడి, రెండో ముడి. డప్పులు మొదలయ్యాయి. మూడో ముడి.

ఆ తర్వాత నాకు గుర్తున్నది బయట వరండాలో వెలుతురు కళ్ళలో పొడవడం. భుజానికి బ్యాగుంది. హాలు తలుపు నా వెనక మెల్లగా మూసుకుంటోంది. టిక్కెట్లు చూసే పెద్దాయన స్టూలు మీంచి లేచాడు.

"ఏమ్మా, వచ్చేశారు? ఇంకా అవలేదే."

"పిలిచారండీ" అన్నాను.

"ఎవరు పిలిచారమ్మా?"

తలుపు వెనక గంట మోగింది, ఒక్కసారే, చాలాసేపు. మా ఇంటి నుంచేనని ఆయనకి చూపిద్దామని బ్యాగులోంచి ఫోన్ తీశాను. ఒక్క కాల్ కూడా లేదు.