నాలుగో మనిషి

పొద్దుటి ధ్యానంలో మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద జావ పొంగింది. లాండ్రీలో ఇస్త్రీ చేసే మడత మాస్టారు చాప మీంచి లేవకుండానే చెయ్యి చాచి మంట తగ్గించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. వంటకీ పడకకీ ధ్యానానికీ కలిపి వాళ్ళిద్దరికీ ఉన్నది ఒకటే గది కాబట్టి ఇలాంటి సౌకర్యాలు కొన్ని ఉండేవి.

రోజూ నలుగురిని తలుచుకోవాలి. మొదట తను. తర్వాత తనకిష్టమైనవాడు, అంటే మంచం మీద దిండుకి ఆనుకుని ఆయాసపడుతున్న గుమాస్తా. మూడోది దారినపోయే ఎవరో ఒకరు. ఇవాళ నిన్న కుళాయి బాగుచేసి వెళ్ళిన మనిషి. నాలుగోది శత్రువు. ఒక్కొక్కరి పేరునా "సుఖంగా ఉండాలి, భయం లేకుండా ఉండాలి, ఏ కీడూ తగలకూడదు" అని పైకే అనాలి. ధ్యానమందిరంలో గుండుతో ఉండే ఒక ముసలి భిక్షుణి నేర్పిన పద్ధతి అది. మాస్టారిని అక్కడికి లాక్కెళ్ళింది గుమాస్తానే.

"వాణ్ణి మర్చిపోకు," అన్నాడు గుమాస్తా మంచం మీంచి.

"మర్చిపోలేదులే. నువ్వు ఊపిరి దాచుకో."

నాలుగో మనిషికి మొహం లేదు. ఉన్నదల్లా చేసిన పని. నలభై ఏళ్ళ క్రితం ఒక సెలూన్ మేడమీద, ఆదివారం మధ్యాహ్నాలు, మగవాళ్ళతోనే మనసు కలిసిన కొందరు మగవాళ్ళు చేరేవారు. పేకాడేవారు, పాటలు పాడుకునేవారు, ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి కూర్చునేవారు. ఆ రోజుల్లో అది నేరం. ఎవడో వాళ్ళ పేర్లు పోలీసులకి చెప్పాడు. పదకొండు మందిని పట్టుకుపోయారు, పేర్లు పేపర్లో వేశారు. సెలూన్ ఆయన నెల తిరక్కుండానే ఉరేసుకున్నాడు. మాస్టారికి హోటల్ లాండ్రీలో ఉద్యోగం ఊడింది. వాళ్ళ నాన్న తలుపు జానెడు తెరిచి, మొహం చూసి, మళ్ళీ వేసేశాడు.

ఆరో రోజు తెల్లవారుజామున స్టేషను వెనక గుమ్మంలోంచి ఒక్కొక్కరిని బయటికి తోశారు. మాస్టారు వచ్చేసరికి ఎదురుగా గుమాస్తా నిలబడి ఉన్నాడు, చేతిలో నీలం చారల చొక్కాతో. ఆ ఆదివారం జ్వరమొచ్చి రాలేదు కాబట్టి బతికిపోయాడని అందరూ అనుకున్నవాడు.

"నలిగిపోయిన బట్టలతో నువ్వు వీధిలో నడవకూడదు," అన్నాడు. చేతకాని ఇస్త్రీ. కాలరు దగ్గర రెండు మడతలు పడ్డాయి. ఇస్త్రీ పనివాడికి ఇంకొకడు ఇస్త్రీ చేసి తెచ్చిన మొదటి చొక్కా అది. మాస్టారు అక్కడే మనసు పారేసుకున్నాడు.

అప్పటినుంచి కలిసే ఉన్నారు. వీధిలో వాళ్ళు అన్నదమ్ములనుకున్నారు. పొట్టికీ పొడుగుకీ, చామనఛాయకీ ఎరుపుకీ పొత్తెలా కుదిరిందని ఎవరూ అడగలేదు. మొదటి రెండేళ్ళూ మాస్టారు నిద్రలో పళ్ళు కొరికేవాడు, ఆ చెప్పినవాడు కనిపిస్తే నరికేస్తాననేవాడు. అప్పుడే గుమాస్తా ధ్యానమందిరం సంగతి ఎత్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే పక్కన కూర్చుని, మాస్టారు నాలుగో మనిషిని ఎగ్గొట్టబోతే గుర్తుచేస్తూ వచ్చాడు.

జావ తాగించి, మూతి తుడిచి, పక్కవాటాలో ఆవిణ్ణి మధ్యాహ్నం ఓసారి తొంగిచూడమని చెప్పి, మాస్టారు పనికి బయలుదేరాడు. సంచిలో ఆ నీలం చారల చొక్కా ఉంది. ఏటా, తను విడుదలైన ఈ తేదీన దాన్ని లాండ్రీకి పట్టుకెళ్ళి ఇస్త్రీ చేస్తాడు. ఇంట్లో చెయ్యడు. ఆ పాత బట్టకి కాక పనికిరాదు; రోజు పనంతా అయ్యాక, ఇస్త్రీ పెట్టె చల్లారబోయే ముందు ఉండే వెచ్చదనమే దానికి సరిపోతుంది.

లాండ్రీలో ఆయన పని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. నీళ్ళు చిలకరించడం, కాలరు, భుజం, చేతులు, వెన్ను. ఊపిరి పీలుస్తూ పెట్టె ముందుకి తోస్తాడు, వదులుతూ వెనక్కి లాగుతాడు. కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. మధ్యాహ్నం యజమానురాలు వచ్చి, "మాస్టారూ, కాస్త కూర్చుని కూడా చెయ్యొచ్చు కదా," అంది. "కూర్చుంటే ధ్యానం అయిపోతుందమ్మా, చొక్కాలు అవ్వవు," అన్నాడు.

నాలుగు దాటాక ప్లగ్గు తీసి, నీలం చారల చొక్కా పరిచాడు. ఎడమ చెయ్యి పూర్తయింది. అప్పుడొచ్చింది చరిత్ర అమ్మాయి.

ఆ పిల్ల వాళ్ళలాంటి ముసలివాళ్ళ కథలు రికార్డు చేస్తుంటుంది. ఇంటికి కూడా రెండుసార్లు వచ్చింది. చట్టం మారి చాన్నాళ్ళయింది, ఆ పట్టివేతకి నలభై ఏళ్ళు నిండాయని ప్రదర్శన పెడుతోంది. రేపే మొదలు. ఇవాళ కూర్చోకుండా ఒక కాగితం పట్టుకుని నిలబడింది.

"బాబాయ్, పాత పోలీసు ఫైళ్ళు ఇచ్చారు. ఇది మీకు చూపించకుండా గోడకి పెట్టలేను."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. పదకొండు పేర్లు, చెప్పినవాడి పేరు, ఉద్యోగం. పార్కులో పట్టుబడినట్టూ, ఉద్యోగం పోకుండా చూస్తే మిగతావాళ్ళ సంగతి చెబుతానన్నట్టూ రాసి ఉంది. కింద సంతకం. ఆఖరి అక్షరం కింద రెండు గీతలు కొట్టే ఆ సంతకాన్ని ఆయన ఎక్కడున్నా పోల్చగలడు. దాని పక్కనే ఇంకో వాక్యం: విడుదల రోజూ వేళా ఇతనికి ముందే తెలియజేయడమైనది.

ఆ వేళకి వదిలేస్తారని లోపలున్న పదకొండు మందికే తెలియదు. చొక్కా పట్టుకుని ఎలా వచ్చావని ఒక్కరోజైనా అడగాలని తోచలేదు.

"ఆయనే కదా?" అంది అమ్మాయి మెల్లగా. "మీరు వద్దంటే ఈ కాగితం తీసేస్తాను."

మాస్టారు అలవాటు కొద్దీ పెట్టెని నిలబెట్టాడు. "పెట్టమ్మా. సెలూన్ ఆయన పేరు కూడా ఉందిగా అందులో."

ఇంటికి నడుస్తూ తనలో తనే అనుకున్నాడు. చెప్పాడు, సరే. కొడితే ఎవడైనా చెబుతాడు, భయపెడితే తనూ చెప్పేవాడేమో. కానీ ముప్పై ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే పక్కన మఠం వేసుకు కూర్చుని, వాణ్ణి మర్చిపోకు, వాణ్ణి మర్చిపోకు అని, మాస్టారి నోటితోనే తనకి దీవెన పెట్టించుకున్నాడే, అది మింగుడు పడలేదు. ఎంత మోసం. దేవుడనేవాడు ఉంటే వాడితో కూడా ఎవరూ ఇంత నేర్పుగా బేరమాడి ఉండరు.

గదిలో ఇంకా వెలుతురు ఉంది. గుమాస్తా పెదాలు నీలంగా ఉన్నాయి. మాస్టారు చెప్పులు విడవకుండానే అడిగాడు.

"ఆ రోజు నన్ను వదుల్తారని నీకెలా తెలిసింది?"

గుమాస్తా కళ్ళు పైకప్పు మీదికి పోయి, మళ్ళీ ఆయన మీదికి దిగాయి. "ఎవరు చెప్పారు?"

"నువ్వే. సంతకం పెట్టి మరీ."

ఊపిరి రెండుసార్లు ఎగిసిపడింది. "నీ పేరు చివర చెప్పాను. పది చెప్పాక చాలంటారనుకున్నా."

"నలభై ఏళ్ళు ఏం చేశావు?"

"రేపు చెబుదామనుకున్నాను. రోజూ."

మనిషి దిండు మీంచి జారిపోతుంటే మాస్టారు వెళ్ళి చంకల కింద చేతులు వేసి పైకి జరిపాడు. అది క్షమించడం కాదు, రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పని.

"ఇంకొక్కసారి అను," అన్నాడు గుమాస్తా, ఆయన చేతిని పట్టుకుని. "ఇన్నాళ్ళూ తెలీక అన్నావు. తెలిసి ఒక్కసారి."

మాస్టారు చేతిని విడిపించుకుని చాప మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తన పేరున అన్నాడు. రెండో చోట ఎవరూ లేరు. అక్కడ ఉండేవాడు లేచి నాలుగో చోటికి వెళ్ళి కూర్చున్నాడు. మూడోసారి చరిత్ర అమ్మాయిని తలుచుకున్నాడు, ఆ పిల్ల సుఖంగా ఉండాలి. తర్వాత నోరు తెరిచాడు. మంచం మీంచి ఊపిరి గరగరమంటూ కాచుకుని ఉంది.

మాట రాలేదు. ఎంత తోసినా రాలేదు.

"నీళ్ళు పెడతానుండు," అని లేచి పొయ్యి వెలిగించాడు. నీళ్ళు మరిగాయి. గరగర ఆగిపోయిన సంగతి ఆయనకి వీపు వెనకనుంచే తెలిసింది. వెంటనే తిరగలేదు. "తప్పించుకున్నావా," అన్నాడు గోడతో, అప్పుడు ఏడ్చాడు.

చీకటి పడకముందే పక్కవాటా ఆవిడ వచ్చి, శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళకి కబురు పంపింది. మొహం తుడవడానికి సాయం పట్టింది. సంచిలోంచి బయటికి వేలాడుతున్న చొక్కా చూసి, "ఇది బావుంది. మీ అన్నయ్యగారికి ఇదే తొడుగుదాం," అంది.

"అది ఆయనది కాదమ్మా, నాది." చొక్కా తీసి కుర్చీ వీపు మీద వేశాడు. "అన్నయ్య కూడా కాదు. ఈ గదిలో మేమిద్దరం కాపురం చేశాం."

ఆవిడ చేతిలో తడిగుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తుడవసాగింది. "ఏ చొక్కా వేద్దామో మీరే చెప్పండి అయితే," అంది.

మాస్టారు ట్రంకు పెట్టెలోంచి గోధుమరంగు ఆఫీసు చొక్కా తీసి, తనే గుండీలు పెట్టాడు. ఇద్దరు మనుషులొచ్చి మోసుకెళ్ళారు. ఆయన కూడా వాళ్ళ వెనకే మెట్లు దిగాడు.

గదిలో కుర్చీ వీపు మీద నీలం చారల చొక్కా వేలాడుతోంది, ఎడమ చెయ్యి సాపుగా, కుడి చెయ్యి నలిగిపోయి.