ఊపిరి తగలని బిళ్ళ

ఇలా దగ్గరికి జరిగి కూర్చో, గట్టిగా చెప్పే కథ కాదిది.

ఆ రోజు పొద్దున మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరనే లేదు, అప్పటికే ఉప్పుబిళ్ళ పిన్ని కల్వంలో నూరుతోంది. అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవారు. మందుల ఫ్యాక్టరీ పరీక్షల గదిలో ముప్పై ఏళ్లుగా ఆవిడ పని అదే. చిటికెడు మందుపొడిని బాగా ఎండబెట్టిన ఒక రకం ఉప్పుతో కలిపి, అరచేతిలో ఇమిడే రాతి కల్వంలో మెత్తగా నూరి, ప్రెస్సులో నొక్కితే చొక్కా గుండీ అంత బిళ్ళ వస్తుంది, అద్దంలా. దాన్ని యంత్రంలో పెడితే కంటికి కనబడని వెలుతురు అందులోంచి దూరిపోతుంది. బిళ్ళ ఎంత వెలుతురు మింగిందో యంత్రం గీత గీసి చూపిస్తుంది. గీతకు ఎడమ పక్కన వెడల్పాటి గుంట పడిందా, తడి ఉన్నట్టే.

ఆ ఉప్పుకి తడంటే మహా ఆశ. మనిషి ఊపిరి తగిలినా తాగేస్తుంది. అందుకే పిన్ని ముక్కుకూ నోటికీ రుమాలు కట్టి, ఊపిరి బిగబట్టి నూరేది. పలకరిస్తే పలికేది కాదు. పగలంతా మింగిన మాటలన్నీ సాయంత్రం ఇంట్లో కుమ్మరించేది. అక్క గుమ్మంలో అడుగుపెడితే రేడియో పెట్టినట్టేనని తమ్ముడు నవ్వేవాడు.

ఆ తమ్ముడు అదే ఫ్యాక్టరీలో మందు ఆరబెట్టే గది చూస్తాడు. ఆ రోజు ముప్పు అతని మీదికే వచ్చింది. కొత్తగా చేరిన కెమిస్టు అమ్మాయి స్వయంగా చేసిన బిళ్ళకు గుంట పడింది. మందు సరిగా ఆరలేదని, పీపాలన్నీ పారబోసి ఆరబెట్టినవాణ్ణి ఇంటికి పంపమన్నాడు మేనేజరు.

పిన్ని రుమాలు విప్పింది.

"నూరేటప్పుడు ఎవరితోనైనా మాట్లాడావా తల్లీ?"

"అమ్మ ఫోన్ చేసింది పిన్నీ. రెండు ముక్కలే."

"తమ్ముడని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడు మేనేజరు.

"నా మాట నమ్మొద్దు సార్. ఉప్పునే అడుగుదాం."

మందు కలపకుండా వట్టి ఉప్పుతో రెండు బిళ్ళలు చేసింది. మొదటిది నూరుతున్నంతసేపూ కల్వం మీదికి వంగి, తమ్ముడి చిన్నప్పటి అల్లరంతా మేనేజరుకు పూసగుచ్చినట్టు చెప్పింది. కల్వం చేతిలో ఉండగా ఆవిడ గొంతు వినబడటం అదే మొదలు. రెండోది కిమ్మనకుండా నూరింది. మొదటి గీతలో గుంట పడింది. రెండోది తిన్నగా వచ్చింది.

"తడి మందులోది కాదు సార్. మాటల్లోది."

అదే పీపాలోని మందు కలిపి, ఊపిరి బిగబట్టి నూరి మూడో బిళ్ళ చేసింది. గుంట లేదు. మందు బాగుందని మేనేజరు సంతకం పెట్టాడు. పీపాలు నిలిచాయి, తమ్ముడి ఉద్యోగమూ నిలిచింది.

ఆ బిళ్ళను తడి చేరని గాజు జాడీలో పెట్టి, పిన్ని మళ్ళీ రుమాలు కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు కదల్లేదు. ఊపిరి బిగబట్టింది కాబోలు, పలకరించకూడదని అమ్మాయి తన పని చూసుకుంది. ఆ రోజే కదా నేర్చుకుంది మరి. గంట కొట్టాక ఇంటికి తీసుకెళ్దామని తమ్ముడు వచ్చి, అక్క భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడుగానీ తెలియలేదు, ఆ ఊపిరి ఎప్పుడో ఆగిపోయిందని.

ఇది గుర్తుపెట్టుకో. ఈ జాడీ ఏమిటని ఎవరైనా అడిగితే నువ్వే చెప్పాలి, మూత మాత్రం తియ్యకుండా చెప్పు. లోపల ఆ మూడో బిళ్ళ ఇప్పటికీ అద్దంలాగే ఉంది, మబ్బు పట్టలేదు.