మెడ గీకని తూటాలు

మా ఆయన ఎల్డన్ ప్రూయిట్‌కి తన పేరు మీద ఒక తూటా ఉండాలని కోరిక. స్నేక్ నది ఒడ్డున మా ఊరి మగాళ్ళలో సగం మందికి ఉన్న జబ్బే ఇది. కంపెనీ అమ్మే పెద్ద తూటా డొల్లని తెచ్చి, ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి నొక్కి దాని మెడని సన్నం చేసి, అందులో చిటికెన వేలి గోరంత గుండు బిగిస్తారు. పొట్టలో ఉండే మందు దుప్పిని పడగొట్టేంత, ముందుండే గుండు నేల ఉడుతకి సరిపోయేంత. ఇక దాని పరుగు చూడాలి. ఏ కంపెనీ చెయ్యదు, ఏ కొట్లోనూ దొరకదు కాబట్టి వీటికి అడవిపిల్లులని పేరు. ఎవడు చేస్తే వాడి ఇంటిపేరే దానికీ పెడతారు. అలా మాది, ముందు గుండు కొలత చేర్చి, ‘ఇరవై రెండు ప్రూయిట్’ అయింది.

పేరు ఆయనది, చాకిరీ నాది. రైఫిల్ బ్యారల్‌ని ఈ తూటాకి తగ్గట్టు తొలవడం షెడ్డులో ఆయన చేస్తాడు. డొల్లలకి నూనె రాసి, మూడు అచ్చుల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి దింపడం వంటగదిలో నేను చేస్తాను. ఆయన చేతికి ఓపిక లేదు. పదింటిలో నాలుగు నలిపేస్తాడు, పైగా ఇత్తడిని తిడతాడు.

మెడ సన్నం చేస్తే ఇత్తడి ఎక్కడికీ పోదు. గౌను నడుం దగ్గర కుచ్చులు పోస్తే గుడ్డ మందమైనట్టు మెడ గోడ మందమవుతుంది. అందుకని లోపల గీకి పల్చన చెయ్యాలి. లేకపోతే పేలినప్పుడు మెడ విచ్చుకోవడానికి చోటుండదు, గుండుని వదలదు, లోపలి ఒత్తిడంతా వెనక్కి, తూటాని వెనకనించి మూసి పట్టే బోల్టు మీదికి తంతుంది. ఆ బోల్టు వెనక ఉండేది కాల్చేవాళ్ళ మొహం. ఇదంతా మొదట్లోనే అడిగాను.

“గీకక్కర్లేదు. నేను కొలిచాను. నువ్వు అచ్చులోంచి తీసి ఇవ్వు, చాలు” అన్నాడు ఎల్డన్.

ఆయన కొలిచింది మొదట్లో తెచ్చిన పల్చటి డొల్లల్ని. ఆ తర్వాత సైన్యం వాడి పారేసినవి ఒక బస్తా దొరికితే మోసుకొచ్చాడు. అవి మందం. వాటిని ఆయన కొలవలేదు. నాకు ఒక పని తగ్గింది కదా అని నేనూ మళ్ళీ అడగలేదు.

మే నెలలో స్ట్రూబ్ వచ్చి మా తూటా వేగం కొలిచాడు. ఆయన హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్తాడు, వేగం కొలిచే పెట్టె సొంతంగా కట్టుకున్నాడు. సెకనుకి నాలుగు వేల మూడు వందల అడుగులని తేలేసరికి పెట్టె పాడైందేమోనని దాన్ని తట్టి చూశాడు. ఆ వార్త మూడు కౌంటీలు తిరిగింది. ఓట్‌మన్ ఇనప సామాన్ల కొట్లో గోడకి ఒక గాజు పెట్టె ఉంటుంది, మా ప్రాంతపు అడవిపిల్లులన్నీ అందులో వరసగా నిలబడి ఉంటాయి. జులై పోటీలో అందరి ముందూ వేగం తేలితేనే అందులో చోటు. ఈ ఏడు చోటు ప్రూయిట్‌దేనని ఓట్‌మన్ ముందే అనేశాడు. మా ఆయన కొత్త చొక్కా కొనుక్కున్నాడు. నేను నవ్వాను గానీ, చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు ఆ ఊసెత్తితే నా మెడ కూడా నిటారుగా నిలబడేది.

పోటీ వారంలో మంగళవారం నాడు కాల్చేసిన డొల్లల్ని కడిగి ఆరబెట్టాను. ఊరికే, చేతికి ఏమీ తోచక, ఒక గుండు తీసి కాల్చిన డొల్ల మూతిలో పెట్టాను. పేలాక మెడ విచ్చుకుని ఉంటుంది కాబట్టి గుండు జారి లోపల పడాలి. పడలేదు. ఇంకోదానిలో పెట్టాను, పడలేదు. బల్ల మీదున్న వాటన్నిటిలోనూ పెట్టి చూశాను. ఒక్కదానిలోనూ పడలేదు.

ఏప్రన్‌లో వేసుకుని షెడ్డుకి తీసుకెళ్ళాను. ఎల్డన్ చూశాడు. ఒకదానిలో తనే గుండు పెట్టి చూశాడు, పడలేదు.

“ఎన్ని చూశావు?”

“అన్నీ.”

ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చుని కొన్ని డొల్లల మెడలు గీకి, మందు కూరి, కంకర గుంట దగ్గరికి వెళ్ళి కాల్చాం. బోల్టు హాయిగా తెరుచుకుంది. గుండు మాత్రం వేగం తగ్గి, అదే గురికి జానెడు కింద తగిలింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ అక్కడే. ఎల్డన్ ట్రక్కు వెనక తలుపు మీద కూలబడ్డాడు.

“నేను కనిపెట్టిందేం లేదు మేవిస్. దాని పీక నొక్కాను, అంతే. ఆ వేగమంతా అదే. సరిగ్గా చేస్తే ఓట్‌మన్ కొట్లో దొరికే మామూలు తూటాకీ దీనికీ తేడా లేదు.”

జాలేసింది. కానీ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది.

“బర్నీస్ దగ్గర ఒక డబ్బా ఉంది.”

బర్నీస్ లిండ్‌క్విస్ట్ నా స్నేహితురాలు. మొగుడు పోయాక గొడ్లనీ గడ్డినీ ఒంటిచేత్తో చూసుకుంటోంది. మా ఊళ్ళో ఆమె గురికి ఎదురు లేదు. మా ఆయనకి పోటీ రోజున చెయ్యి వణుకుతుంది కాబట్టి, ప్రూయిట్ తూటాకి తొలిచిన రెండో రైఫిల్ ఆమెకిచ్చి, పోటీలో ఆమెనే కాల్చమన్నాం. డబ్బాలో తూటాలన్నీ నేను కూరినవే.

“ఫోన్ చెయ్యి” అన్నాను.

“మన ఫోను లైను ఆరిళ్ళకీ ఒకటే, అందరూ వింటారు. సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.”

“అయితే ట్రక్కు తీసుకుని వెళ్ళు.”

“వెళ్ళి ఏం చెప్పను? శనివారం ఎలాగూ వస్తుందిగా. గీకినవి ఒక డబ్బా సిద్ధం చేద్దాం. అక్కడ చప్పుడు చెయ్యకుండా మార్చేస్తాను. వేగం తక్కువొస్తే రానీ, ఎండ అనో గాలి అనో చెప్పుకోవచ్చు.”

సరే అన్నాను. గట్టిగా వద్దంటే ఆగేవాడే, నాకు తెలుసు. కానీ చర్చి మెట్లు నాకూ గుర్తొచ్చాయి. శుక్రవారం దాకా కూర్చుని యాభై మెడలు గీకాను.

శనివారం ఎండ మాడ్చేసింది. మైదానం నిండా ట్రక్కులు. ఆడవాళ్ళం హామ్, బంగాళదుంపల సలాడ్ బల్లల మీద సర్దుతున్నాం. బర్నీస్ ట్రక్కు అద్దం వెనక, నిండు ఎండలో, నేనిచ్చిన డబ్బా ఉంది. మందు వేడెక్కితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎల్డన్ అది చూశాడు. రెండో డబ్బా చంకలో పెట్టుకుని ఆమె చుట్టూ పిల్లిలా తిరుగుతున్నాడు.

“ఏం ఎల్డన్, గాజు పెట్టెలో నిలబడతావా, కుర్చీ వేయించమంటావా?” అని అరిచాడు ఓట్‌మన్. అందరూ నవ్వారు.

“బర్నీస్, కాస్త ఇవి వాడు. కొత్తవి” అన్నాడు ఎల్డన్.

“ఇవుండగా అవెందుకు? వీటితోనే గురి సరిచేసుకున్నాను” అంటూ ఆమె గుప్పెడు తూటాలు చొక్కా జేబులో వేసుకుంది.

“ఇవి ఇంకా బాగుంటాయి.”

“ఇంతకంటే బాగానా? ఆశకి అంతుండాలయ్యా బాబూ!”

మళ్ళీ నవ్వులు. ఎల్డన్ ఒకసారి స్ట్రూబ్ పెట్టె వైపు, ఒకసారి ఓట్‌మన్ వైపు చూశాడు.

“సరేలే” అన్నాడు.

ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. నేను సలాడ్ గిన్నె పట్టుకుని పదడుగుల దూరంలో ఉన్నాను. గిన్నె కింద పెట్టి ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఇదివరకు కాల్చింది కదా, ఏం కాలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బర్నీస్ పట్టా మీద బోర్లా పడుకుని, చెంప రైఫిల్‌కి ఆనించి కాల్చింది.

“నాలుగు వేల నాలుగు వందల పది!” అని స్ట్రూబ్ గొంతు చించుకున్నాడు. టోపీలు లేచాయి. ఎవరో ఎల్డన్‌ని ఎత్తుకున్నంత పని చేశారు. బర్నీస్ నవ్వుతూ బోల్టు ఎత్తబోయింది. అది లేవలేదు. అరచేత్తో రెండుసార్లు గుద్దితే తెరుచుకుంది. డొల్ల బయటికొచ్చింది, దాని అడుగునుండే కేపు ఊడిపోయి విడిగా పట్టా మీద పడింది. కేపు ఊడిందంటే డొల్ల అడుగు సాగిపోయిందన్నమాట. తర్వాతది బోల్టునే ఊడబెరకవచ్చు. నేను చూశాను, ఎల్డన్ చూశాడు. మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

బర్నీస్ రెండో తూటా పెట్టి బోల్టు మూసింది. చెంప మళ్ళీ రైఫిల్‌కి ఆనించింది.

“ఎల్డన్!” అన్నాను. అప్పుడు కూడా ఆమెని పిలవలేదు. ఆయన్నే పిలిచాను.

“ఆగు బర్నీస్! బోల్టు తియ్యి, తియ్యి!” అని ఆయన పరిగెత్తి ఆమె భుజం పట్టుకున్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. అందరూ ఆయన నోటికేసి చూస్తున్నారు.

“మెడలు గీకలేదు” అన్నాడు. జనం వైపు చూసి, “మేవిస్... మెడలు గీకలేదు” అన్నాడు.

మొహాలన్నీ నావైపు తిరిగాయి. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “వంటింటి పనుల మధ్య ఎవరు మాత్రం చూసుకుంటారు లెండి” అన్నాడు స్ట్రూబ్. ఓట్‌మన్ మా ఆయన వీపు తట్టి, “గాజు పెట్టె పోతే పోయింది, సమయానికి ఆపావు, మగాడివనిపించావు” అన్నాడు. మా ఆయన తల వంచుకుని ఆ మెచ్చుకోలు పుచ్చుకున్నాడు. నేను అందరి పళ్ళేల్లోనూ సలాడ్ వడ్డించాను.

ఇంటికొస్తుంటే ట్రక్కులో, “నోటికి అదే వచ్చింది” అన్నాడు.

“వస్తుంది” అన్నాను.

అంతకు మించి తిట్టలేకపోయాను. ఎందుకో నాకు తెలుసు. నేను చెయ్యని తప్పు ఆయన నా నెత్తిన వేశాడు, నిజమే. కానీ నేను చేసింది దాని కింద చక్కగా దాక్కుంది. ఊరంతా నన్ను బద్ధకస్తురాలనుకుంటోంది. అసలు సంగతి తెలిస్తే అనే మాట అది కాదు. పాపపు మనసు, ఆ నింద నాకు కాస్త ఊరటగానే ఉంది. అదే అన్నిటికంటే సిగ్గు.

సోమవారం బర్నీస్ వచ్చింది. ఆప్రికాట్ జామ్ సీసా బల్ల మీద పెట్టింది.

“నీ మీద నాకేం కోపం లేదే. అది చెప్పిపోదామనే వచ్చాను” అంది. కూర్చోలేదు. జేబులోంచి శనివారం కాల్చిన డొల్ల, ఒక గుండు తీసి నా ముందు పెట్టింది. “నిన్న దీంట్లో గుండు పెట్టి చూశాను, దూరట్లేదు. రోజూ డొల్లలు కడిగేది నువ్వు కదా. నీ కంట పడలేదా?”

షెడ్డులోంచి ఎల్డన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. “మాకూ అక్కడే తెలిసింది బర్నీస్. నీ బోల్టు బిగిసినప్పుడే” అన్నాడు, తడుముకోకుండా.

బర్నీస్ ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. ఆ మాటకి నేను తలూపితే చాలు, జామ్ సీసా తెరుచుకునేవాళ్ళం.

“మంగళవారం తెలిసింది” అన్నాను.

“ఎవరికి?”

“ఇద్దరికీ.”

ఎల్డన్ షెడ్డుకి వెళ్ళిపోయాడు. బర్నీస్ చెయ్యి తనకి తెలియకుండానే కుడి చెంప మీదికి వెళ్ళింది, రైఫిల్ ఆనే చోటికి.

“శనివారం పొద్దున్న పోటీకి వెళ్తూ ఇక్కడ ఆగాను” అంది మెల్లగా. “ఈ కుర్చీలోనే కూర్చున్నాను. మనం ముగ్గురమే ఉన్నాం. వినడానికి ఇంకెవరూ లేరు.”

ఆ సంగతి ఇందాక మీకూ చెప్పలేదు నేను.

“రెండో కప్పు కాఫీ వద్దంటే, తాగి వెళ్ళవే అని పోసింది నువ్వే కదా మేవిస్” అంది.

“నేనే” అన్నాను.