అమ్మవారి దీపమూ, నా ప్రాణమూ

నేను ఒక కారు బ్యాటరీని. నల్లని పెట్టె, నెత్తిన రెండు కొమ్ములు, కడుపునిండా యాసిడ్. ఫ్యాక్టరీలో పుట్టాక అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి కారెక్కాను. ఆయన నన్ను ఎన్నడూ తలుచుకోలేదు. సక్రమంగా పనిచేసేవాళ్లను మనుషులు తలుచుకోరని అప్పుడే తెలిసింది. తర్వాత ఆ కారును, దానితోపాటు నన్నూ, లంబసింగి బొజ్జిబాబు కొన్నాడు.

లంబసింగి మన్యంలో ఉంది. మార్గశిరం వచ్చిందంటే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. బొజ్జిబాబు రోజూ పొద్దున్నే ముగ్గురు టీచరమ్మలను కొండ మీది బడికి చేరుస్తాడు. ఇల్లు గడిచేది ఆ ట్రిప్పుతోనే.

ఒకసారి ఘాట్ మలుపులో బ్రేకులు పట్టక కారు లోయ అంచున ఆగింది. అది మోదకొండమ్మ దయ అన్నాడు బొజ్జిబాబు. అడ్డుపడిన బండరాయి సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్నాడే అద్దం ముందు అమ్మవారి పటం పెట్టి, చుట్టూ రంగుల బల్బుల దండ వేసి, ఆ దీపం ఆరనివ్వనని మొక్కుకున్నాడు. తాళం తీసినా ఆరకుండా దాని తీగను నేరుగా నా కొమ్ములకే కట్టాడు. మొక్కు ఆయనది, మోత నాది.

ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చాను. చలి ముదిరాక నా బలం సగమైంది. ఆయిల్ చిక్కబడ్డ ఇంజన్‌ను తిప్పడానికేమో ఇంకా ఎక్కువ సత్తువ కావాలి. రాత్రంతా దీపాన్ని మోయించి, తెల్లారి కారును లేపమంటే ఎక్కడినుంచి తెస్తాను? ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేదాన్ని.

వైద్యులకు కొదవ లేదు. టీ కొట్టాయన వేడినీళ్లు పోయించాడు. పక్కింటి పెద్దాయన దిష్టి అని తేల్చి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. రాత్రిళ్లు బొజ్జిబాబు నాకు గొంగళి, కారుకు టార్పాలిన్ కప్పేవాడు. చింతపల్లి మెకానిక్ వచ్చి, ముందు దీపానికి దండం పెట్టుకుని, తర్వాత బానెట్ ఎత్తి, "బేటరీ ముసిల్దైపోనాది, మార్చీ" అన్నాడు. దొంగకు మొక్కి, సొమ్ము పోయినవాణ్ణి తన్నడమంటే ఇదే.

పాపం టీచరమ్మలు మంకీ క్యాపులు పెట్టుకుని, కొంగులు బిగించి కారు తోసేవారు. శనివారం పెద్ద టీచరు రాజ్యలక్ష్మిగారికి విసుగొచ్చేసింది.

"బొజ్జిబాబూ, మేం చదువు చెప్పడానికొచ్చాం, బండి తొయ్యడానికి కాదు. సోమవారం కూడా ఇలాగే అయితే వేరే బండి మాట్లాడుకుంటాం."

బొజ్జిబాబు ముఖం వాడిపోయింది. నన్ను పాత ఇనుము కొట్లో పడేస్తానన్నాడు. నాకు భయమేసింది. తప్పు చేసి పోయినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆదివారం పొద్దు వాలుతుంటే, ఆయన భార్య కాసులమ్మ ఆరబోసిన కాఫీ గింజలకు కప్పుదామని సెలవని కప్పే ఉంచిన మా టార్పాలిన్ లాగింది. లోపల బల్బులు ఎర్రగా, పచ్చగా వెలుగుతున్నాయి.

"ఇదేటి మావా? తాళం నీ జేబులో ఉంది, ఇదెలగ ఎలుగుతంది?"

"అమ్మోరి దీపమే. ఆర్పకూడదు."

"టార్పాలిన్ కింద ఎవులు సూస్తారు? రేతిరంతా బేటరీని ఇదే తాగేస్తంటే, పొద్దున్న బండెలగ లెగుస్తాది?"

బొజ్జిబాబు పటం వంక చూశాడు. "ఆర్పీసినాక ఘాట్‌లో ఏటైనా అయితేనో?"

ఆ గొంతులో ఉన్నది నిజమైన భయం. అది విన్నాక నాకు ఆయన మీద కోపం నిలవలేదు.

"ఆ దినం అమ్మోరే కదా నిన్ను కాసింది" అంది కాసులమ్మ. "అప్పుడు బండిలో బల్బులున్నాయేటి?"

 ఆయన బానెట్ ఎత్తి తీగ ఊడదీశాడు. కారును వాలులో దొర్లించి స్టార్ట్ చేసి, చింతపల్లి దాకా తిప్పుకొచ్చాడు. దారంతా చార్జింగ్ ఎక్కి, చాలా రోజుల తర్వాత కడుపు నిండి పడుకున్నాను.

సోమవారం టీచరమ్మలు కొంగులు బిగించుకునే వచ్చారు. బొజ్జిబాబు కళ్లు మూసుకుని తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజన్ లేచింది. రాజ్యలక్ష్మిగారు కొంగు వదులు చేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. పక్కింటి పెద్దాయన అదంతా నిమ్మకాయ మహిమ అన్నాడు. నా పేరు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ దీపానికి స్విచ్చి ఉంది. రోజూ సాయంత్రం దాన్ని ఆపుతూ బొజ్జిబాబు పటంతో "పడుకో తల్లీ" అంటాడు. నేనెలాగూ ముసలిదాన్నే, ఇవాళ కాకపోతే రేపు పాత ఇనుము కొట్టుకు పోవలసినదాన్నే. మొన్న మాత్రం ఆయన ఆ మాట అని ఇంట్లోకి వెళ్లబోతూ, ఆగి, వెనక్కి వచ్చి బానెట్ ఎత్తి, జారిన గొంగళిని నా మీదకు లాగాడు. నిమ్మకాయను మాత్రం తియ్యలేదు.