పాఠంలో లిఫ్టు చప్పుడు

పొద్దున పదింటికి వంటింటి గట్టు మీద పంచదార డబ్బాకు ఫోను ఆనించి ఇంగ్లీషు పాఠం చెప్పి రికార్డు చేయడం టీచరత్తకు ఆర్నెల్లుగా అలవాటు. ఆ వేళకు భర్త గిడ్డంగి పనికి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చాక తినడానికి తప్ప నోరు తెరవడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. ఏడో అంతస్తులోని ఆ రెండు గదుల్లో ఆమెతో రోజంతా మాట్లాడేవి కుక్కరూ, కుళాయీ.

శిష్యురాలు ఒక్కతే. ఎనిమిదేళ్ళ పిల్ల, ముద్దుపేరు పిచ్చుక. తల్లి హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. ఒకనాడు సరుకుల కొట్లో ఆ తల్లి కూతుర్ని తెలుగులో కసురుకోవడం చెవినబడి, టీచరత్త ప్రాణం లేచొచ్చి, తనే వెళ్ళి పలకరించింది.

"ఇంగ్లీషు రాకపోతే వచ్చే ఏడు దీన్ని బడిలో పసిపిల్లల క్లాసులో పడేస్తామంటున్నారు వదినా," తల్లి మొదటిరోజే వరస కలిపేసి మొరపెట్టుకుంది. "మోకాళ్ళెత్తు పిల్లల మధ్య ఇదొక్కత్తే తాటిచెట్టులా కూర్చోవాలి!"

వాళ్ళ ఇళ్ళు ఊరికి చెరో కొసన. అందుకే ఫోను పాఠాలు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తల్లితో పనికి పోతుంది. నాలుగింటికి ఆమె రాగానే పిచ్చుక పాఠం విని, తిరిగి అప్పజెప్పి, రికార్డు చేసి పంపుతుంది. ఆ గొంతు వినిపిస్తే తప్ప టీచరత్తకు సాయంత్రం టీ దిగదు.

సోమవారం బడిలో పరీక్ష. మేడమ్ అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెబితే పిచ్చుక తన ఈడు పిల్లల్తో కూర్చుంటుంది. లేదంటే ఏడాదంతా తాటిచెట్టే. శనివారం టీచరత్త మొత్తం ఒక్క ఊపులో చెప్పి పంపమంది.

పంపింది. అచ్చు గుద్దినట్టు టీచరత్త ఉచ్చారణే.

"ఐ యామ్ ఎయిట్ ఇయర్స్ ఓల్డ్. ఐ లివ్ విత్ మై మదర్..." ఇక్కడ పిల్ల ఆగింది. ఊపిరి బిగబట్టింది. తర్వాత చిన్నగా తెలుగులో, "ఆగు, ఎవరో వచ్చినట్టున్నారు," అంది. కాసేపు నిశ్శబ్దం. ఒక నిట్టూర్పు. "ఎవరూ కాదులే... అవర్ హౌస్ ఈజ్ స్మాల్."

టీచరత్త వెంటనే ఫోను చేసింది.

"మధ్యలో ఆ మాటలెందుకే తల్లీ?"

"మీరు చెప్పారుగా టీచరత్తా! అన్ని పాఠాల్లోనూ ఉంది."

"అది పాఠం కాదే. లిఫ్టు చప్పుడైతే ఏదో అనుకుని ఉంటా."

"ఓహో," పిచ్చుక కాస్త నిరాశపడింది. "నాకదే బాగా వచ్చు."

వెనకనుంచి తల్లి నవ్వింది. "ఇంట్లోనూ ఇదే వరస వదినా! తలుపు కిర్రుమంటే చాలు, ఎవరూ కాదులే అని పెద్ద ముత్తయిదువలా నిట్టూరుస్తుంది."

టీచరత్తా నవ్వింది. ఫోను పెట్టేశాక పాత పాఠాలు తీసి వింది. నిజమే. ప్రతి పాఠంలోనూ ఉంది, ఒకదాంట్లో నాలుగుసార్లు. తను అలా ఎదురుచూస్తోందని ఆమెకే తెలియదు. పరాయివాళ్ళ ముందు చిరిగిన చీరతో నిలబడినట్టు సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే బట్టల అలమారాలో దూరి, తలుపేసుకుని, కోట్ల మధ్య ముడుచుకు కూర్చుని అన్నీ మళ్ళీ రికార్డు చేసింది. అక్కడికి లిఫ్టు వినబడదు.

భర్త తలుపు తీసి చూశాడు. "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"బట్టలతో."

"జవాబిస్తున్నాయా?"

"మీకన్నా నయమే."

ఆయన తలుపు మళ్ళీ మెల్లిగా మూసేశాడు.

సోమవారం నాలుగున్నర దాటింది. అయిదు దాటింది. టీ మీద మీగడ కట్టింది. అప్పుడు మోగింది ఫోను.

"గట్టెక్కింది వదినా!" తల్లి గొంతు పొంగిపోతోంది. "దాని ఈడు పిల్లల్తోనే వేశారు. ఇక అన్నీ బడిలోనే నేర్పుతారట. మిమ్మల్ని శ్రమపెట్టే పని లేదు."

వెనకే ఇంకో రికార్డు వచ్చింది.

"టీచరత్తా, పరీక్షలో నేను చెబుతుంటే తలుపు చప్పుడైంది. మీరొద్దన్నారని పైకేమీ అనలేదు. ఆగి చూశానంతే. ఈసారి నిజంగానే ఎవరో వచ్చారు! రెండు జడల పిల్ల. రేపట్నుంచి నా పక్కనే కూర్చుంటుందట."

టీచరత్త దాన్ని మూడుసార్లు వింది. చల్లారిన టీ తాగేసింది.

మర్నాడు పదింటికి గట్టు తుడిచి, అలవాటు కొద్దీ ఫోను డబ్బాకు ఆనించింది. చెప్పాల్సిన పాఠం లేదు. బయట లిఫ్టు ఏడో అంతస్తులో ఆగింది. అడుగులు ఇటే వచ్చాయి, గుమ్మం దాటిపోయాయి. పక్కింటి తాళం తిరిగింది.

ఎవరూ కాదులే అనబోయింది. వినేవాళ్ళు లేరని గుర్తొచ్చి, తడిగుడ్డ పిండి ఆరేసింది.