ఎడమచెయ్యి ఎత్తిన పిల్ల

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నా మాట వినేది నాలుగో తరగతి పిల్లలే, వాళ్లయినా బడి గంట కొట్టేదాకానే. అందుకే మదనపల్లెలో టీచర్లకు మానవ హక్కుల బోధన మీద శిక్షణ పెడుతున్నారని, అందులో బాగా చేసినవాళ్లను కుప్పం టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి పంపుతారని తెలిసినప్పుడు నాకు ఆశ పుట్టింది. హాలు నిండా పెద్దవాళ్లు కూర్చుని నా మాట వింటారు. దాచుకోవడమెందుకు, ఆ ఆశతోనే పుంగనూరు నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కాను.

శిక్షణ ఇచ్చేది కమరున్నీసా మేడమ్. ఆమె గొంతు పెంచదు. పొగడదు కూడా, అదే చిక్కు. మొదటి రోజులన్నీ చార్టులు, చర్చలతో గడిచిపోయాయి. చివరి రోజు అసలు పరీక్ష పెట్టింది. పక్క బడిలో నిజంగా పిల్లలకే పాఠం చెప్పాలి, ఆమె వెనక కూర్చుని చూస్తుంది. నా వంతుకు వచ్చిన పాఠం, ప్రతి బిడ్డకూ తన అభిప్రాయం చెప్పే హక్కు ఉందని.

ఆ తరగతి టీచరు దామోదర్ సార్. మంచివాడే, బడికి వచ్చినవాళ్ల మీద మాట పడకుండా చూసుకునే రకం. వరండాలో నన్ను పక్కకు పిలిచి రహస్యం చెప్పాడు.

"ఏం అడిగినా మా పిల్లోళ్లు అందరూ చేతులెత్తుతారు మేడమ్. జవాబు తెలిసినోళ్లు కుడిచెయ్యి, తెలీనోళ్లు ఎడమచెయ్యి. మీరు కుడిచేతులోళ్లనే లేపండి. పాఠం బంగారంగా ఉంటాది."

తనిఖీకి ఎవరొచ్చినా అక్కడ ఇదే ఏర్పాటట. నాకు నవ్వొచ్చింది. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోవడం ఎందుకని సరేనన్నాను.

పాఠం బంగారంగానే మొదలైంది. మీ బడిలో ఏం మారాలని అడిగితే చేతులన్నీ లేచాయి. తాహిర్ అనే పిల్లవాడు చెట్లు నాటాలన్నాడు. ఇంకొకడు కథల పుస్తకాలు కావాలన్నాడు. ముందు బెంచీ పిల్ల, మా బడి చాలా బాగుంది, ఏమీ మారనక్కర్లేదు అని గడగడా అప్పజెప్పి కూర్చుంది. గుమ్మంలో నిలబడిన దామోదర్ సార్ ముఖం వెలిగిపోయింది. వెనక మేడమ్ ఏదో రాసుకుంటోంది. నాకు కుప్పం కనిపించింది.

అంతలో ఒక సంగతి తట్టి ఒళ్లు మండింది. నేను ఎక్కాలు అడగలేదు, రాజధానులు అడగలేదు. మీకేం కావాలి అని అడిగాను. దానికి తెలియకపోవడం ఏమిటి? సగం తరగతి తమకేం కావాలో తమకే తెలియదని ఎడమచెయ్యెత్తి చెబుతుంటే, ఎదురుగా నిలబడి నేను హక్కుల పాఠం చెబుతున్నాను. సిగ్గేసింది.

చివరి బెంచీలో ఒక పిల్ల ఎడమచెయ్యి ఎత్తి, అది వాలిపోకుండా కుడిచేత్తో మోచెయ్యి పట్టుకుని ఉంది. పేరు మునిలక్ష్మి. కురబలకోట నుంచి ఆటోలో వస్తుందని, ఇంట్లో గొర్రెలు మేపుతారని తర్వాత తెలిసింది. వద్దు వద్దని దామోదర్ సార్ గుమ్మంలోంచి తల ఊపుతూనే ఉన్నాడు. నేను ఆ పిల్లనే లేపాను.

లేచింది కానీ నోరు విప్పలేదు. పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. కమరున్నీసా మేడమ్ గడియారం చూసుకుంది. నేను కదల్లేదు, మొండితనంలో నేను మా అమ్మను మించినదాన్ని. చివరికి ఆ పిల్లే అడిగింది.

"ఎడమచెయ్యి ఎత్తినోళ్లని అడగరు గదా మేడమ్?"

అందులో నిష్ఠూరం లేదు. కొత్త టీచరుకు బడి పద్ధతి తెలియదేమోనని గుర్తుచేసింది, అంతే. తరగతి గొల్లున నవ్వింది. మేడమ్ రాయడం ఆపేసింది. గుమ్మం వైపు చూస్తే దామోదర్ సార్ లేడు.

"నేను అడుగుతాండాను గదమ్మా, చెప్పు" అన్నాను.

మునిలక్ష్మి ఎత్తిన చెయ్యి దించి పక్కకు చూపించింది. "మా బెంచీ పక్కన కిటికీ ఉండాది మేడమ్. దాని ఎనకాలే బాత్రూములు. కంపు వస్తాది. ముందర కూసున్నోళ్లకు రాదు. దినామూ బెంచీలు మారిస్తే అందరికీ కొంచెం కొంచెం వస్తాది."

ఇక ఎడమచేతులకు నోళ్లొచ్చాయి. ఆటల గంటలో బంతి ఆడపిల్లలకూ ఇవ్వాలని ఒకతె, మార్కులు అందరి ముందూ చదవొద్దని ఒకడు. ఒకరి మాట పూర్తికాకముందే ఇంకొకరు అందుకున్నారు. నేను తెచ్చిన చార్టులు, పాట, ముగింపు మాటలు సంచిలోనే ఉండగా బెల్లు కొట్టేశారు.

దామోదర్ సార్ పరువు తీశానని భయపడుతూ భోజనాల వేళ ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లాను. ఖాళీ తరగతిలో చివరి బెంచీ మీద, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నాలుగేండ్లుగా ఈ గదిలోనే పాఠం చెప్తాండాను మేడమ్. ఈడ మాత్రం యానాడూ కూసోలేదు" అన్నాడు. నన్నేమీ అనలేదు. తిన్నాక పిల్లల్ని పిలిచి, తనూ ఒక చెయ్యి వేసి బెంచీలు మార్పించాడు. ఆ చప్పుడుకు పక్క తరగతులవాళ్లు కూడా వచ్చి చూశారు.

సాయంత్రం కమరున్నీసా మేడమ్ పిలిచింది. ఐదు ప్రశ్నలు అడగాల్సిన చోట ఒక్కటే అడిగానని, పాఠం సగం కూడా కాలేదని చెప్పింది. నిజమే కాబట్టి ఒప్పుకున్నాను. కుప్పం పోయినట్టేనని బాధపడ్డాను. బాధ మరీ ఎక్కువగా లేకపోవడం నాకే వింతగా ఉంది.

"కుప్పంలో గూడా ఆ ఒక్కటే అడుగు శాలినమ్మా" అందామె. "నువ్వు మాట్లాడేది తక్కువుండాల. జవాబు వచ్చేదాకా ఇట్లే నిలబడు."

నా మాట వినే హాలు కావాలని కోరుకుంటే, వినే పని నాకే పడింది. పుంగనూరు బస్సులో సీటు దొరకలేదు. ఇంటిదాకా నిలబడే వచ్చాను, కాళ్ల నొప్పి తెలియలేదు.