రెండో మిషన్ తాళం

సుబ్బలక్ష్మమ్మ గారు ఎవరినీ నమ్మదని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది. మంచినీళ్ల కుండ కూడా తన గదిలోనే పెట్టుకుని, ముంతతో తానే ముంచుకుని తాగుతుంది. నాకది వింతగా అనిపించలేదు. నేనూ అదే రకం. చౌక డిపోలో కిరోసిన్ కొలిచేవాడి చేతి మీంచి కళ్లు తీయని తల్లికి పుట్టినదాన్ని. సర్వర్లు చూసుకునే పనికి ఆ బుద్ధి బాగా పనికొస్తుంది. పచ్చ లైటు వెలుగుతోంది కదా అని నమ్మి ఇంటికి పోయేవాళ్లు ఈ పని చేయలేరు.

ఆమెది అనంతపురంలో ఆఫీసు. బెళుగుప్ప, వజ్రకరూరు పక్క గుట్టల మీద గాలిమరలు పెట్టే కంపెనీలకు రోడ్లు వేసి, పునాదులు తవ్వి ఇచ్చే కాంట్రాక్టు. వాళ్లు పంపే ఆర్డర్లూ మేం పంపే కొటేషన్లూ అన్నీ మెయిల్లోనే. "మన ఉత్తరాలు ఎవడింట్లోనో ఏమిటికి ఉండల్ల?" అని, మెయిల్ సర్వర్ సొంతంగా పెట్టమంది. ఇది రెండువేల ఎనిమిది నాటి మాట.

ఒకటి చాలదమ్మా, రెండు కావాలి అన్నాను. ఖర్చని కొట్టిపారేస్తుందనుకుంటూనే వివరించాను. మొదటి మిషన్ మెయిళ్లు తీసుకుంటుంది, పంపుతుంది. చేసిన ప్రతి పనినీ చిన్న చిన్న లాగ్ ఫైళ్లలో రాసుకుంటుంది. రెండో మిషన్ ఊరికే కూర్చుని ఆ లాగులు తెచ్చుకుంటూ, అదే పనిని తన దగ్గరా చేసుకుంటూ పోతుంది. మొదటిది పడిపోయిన క్షణాన రెండోది అందుకుంటుంది.

ఆమె ఖర్చు మాట ఎత్తలేదు. "ఏది నడుస్తాందో బయటోళ్లకు తెలుస్తాదా?"

"తెలీదమ్మా. బయటికి రెండింటికీ ఒకటే పేరు."

"రెండు సుమోల మాదిరి అన్నమాట. పెట్టు," అంది.

రెండు సుమోల సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమె ముందు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆమె భర్త రంగన్నకు పగవాళ్లుండేవాళ్లు. ఆయన బయటికి పోతే ఇంటి ముంగిట్లోంచి ఒకే రకం తెల్ల సుమోలు రెండు కదిలేవి. నల్లద్దాలు. ఆయన ఎందులో కూర్చునేదీ ఎక్కే నిమిషం దాకా ఎవరికీ చెప్పేవాడు కాదు. పదేళ్ల కిందట ఒక పొద్దున వజ్రకరూరు దారిలో ముందు బండిని ఆపి, ఆయన్నూ డ్రైవర్నూ చంపేశారు. వెనకాల వచ్చిన ఖాళీ బండి జోలికి ఎవరూ పోలేదు. అంటే ఎవరో చెప్పి ఉండాలి. ఆ పొద్దున ముంగిట్లో ఉన్నది సుబ్బలక్ష్మమ్మ, స్కూలుకు పోయే కొడుకు భరత్, ఇద్దరు డ్రైవర్లు. ఒక డ్రైవరు చచ్చిపోయాడు. మిగిలింది ఖాళీ బండి నడిపిన కుళ్లాయప్ప.

పోలీసులు కుళ్లాయప్పను తీసుకుపోయి కొట్టారు. "నాకు తెల్దు సార్" అన్న ఒక్క మాట తప్ప అతని నోటివెంట ఇంకేమీ రాలేదు. రుజువు లేక వదిలేశారు. అందరూ చెప్పింది అతనే అనుకున్నారు. ఆమె కూడా.

అయినా అతన్ని పనిలోంచి తీసేయలేదు. నేనొకసారి ధైర్యం చేసి అడిగితే, "దూరంగా ఉంటే ఏం చేస్తాడో తెల్దు. ఈడుంటే కంటికి కనపడతాడు," అంది. ఇప్పటికీ ఆమె బయల్దేరితే రెండు సుమోలు కదలాల్సిందే. ఈ పదేళ్లలో కుళ్లాయప్ప నడిపే బండి ఆమె ఎక్కలేదు. అతను ఖాళీ బండి నడుపుతాడు.

సర్వర్ గదికి తాళం వేయించాక ఒక చెవి నా దగ్గర, రెండోది కుళ్లాయప్ప దగ్గర పెట్టమంది. నేను బిత్తరపోయాను. "ఏమన్నా జరిగితే ఎవర్ని అడగల్లో తెలుస్తాది," అంది. పాస్‌వర్డ్ తానే పెట్టి, చీటీ మీద రాసి చూపించి, నా చేతనే చింపించింది. ఎవరినీ నమ్మని మనిషి పెట్టుకున్న పాస్‌వర్డ్ చూసి నాకు నవ్వొచ్చింది. కొడుకు పేరు, పక్కన అతను పుట్టిన సంవత్సరం.

చెల్లెలి కాన్పుకని సెలవు పెట్టి బెళుగుప్ప పోయాను. తిరిగి వచ్చిన రోజే మధ్యాహ్నం మెయిల్ ఆగిపోయింది. సాయంత్రంలోగా పెద్ద పనికి కొటేషన్ పోవాలి. కింద గుమాస్తాలు గోల పెడుతున్నారు. సుబ్బలక్ష్మమ్మ గారు మాత్రం గొంతు పెంచలేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించింది.

"ఈశ్వరీ, నువ్వు లేనప్పుడు తాళం ఎవరి దగ్గరుండాది?"

"కుళ్లాయప్పన్న దగ్గరమ్మా."

"కొటేషన్ పోకుండా ఎవరో వాడికి దుడ్లిచ్చినారు. పదేళ్లు కాచుకోనుండి ఈపొద్దు దొరికినాడు." ఫోన్ తీసుకుని ఊరికి చేసింది. మనోళ్లను నలుగురిని పంపించు, అంతే అంది. ఆ మాటకు అర్థమేమిటో ఆ ఆఫీసులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరి నుంచి జీపు రావడానికి ఎక్కువసేపు పట్టదు.

పైకి పోతుంటే మెట్ల దగ్గర కుళ్లాయప్ప నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నడుముకు తాళాల గుత్తి. నేనూ అతన్ని దొంగను చూసినట్టే చూశాను.

"నేను లేనప్పుడు ఈ గదిలోకి ఎవరొచ్చినారన్నా?"

"ఎవరూ రాలే పాపా."

చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. అబద్ధమని అక్కడికక్కడే తెలిసిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఊర్నుంచి మనుషులు వస్తుంటే ఇంకా దాపరికమేంటి ఈ మనిషికి అనుకున్నాను.

మొదటి మిషన్ చూశాను. లాగులు రాసుకునే డిస్కు పూర్తిగా నిండిపోయి, రాసుకోను చోటు లేక మెయిల్ ఆపేసుకుంది. మామూలుగా ఆ లాగులను బ్యాకప్ అయ్యాక తుడిచేస్తుంది. కానీ రెండో మిషన్ "నాకు చేరింది" అనేదాకా ఒక్కదాన్నీ చెరపదు. అదీ అనుమానపు జాతే. అంటే తప్పు మొదటిదాంట్లో లేదు, రెండోది తీసుకోవడం మానేసింది. ఎవరో మధ్యలో వైరు పీకి ఉంటారని వెనక్కి వంగి చూశాను. వైరు బిగువుగానే ఉంది, దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

రెండో మిషన్ డిస్కు తెరిచాను. అదీ నిండిపోయి ఉంది, లాగులతో కాదు. భరత్ అన్న పేరుతో ఒక ఫోల్డర్, నిండా సినిమాలు. తెలుగువి, కన్నడవి, ఇంగ్లీషువి. మధ్యలో క్రికెట్ టీము ఫోటోలు. అన్నీ నేను ఊళ్లో లేని రోజుల్లో ఎక్కించినవే. మిషన్ ఖాళీగా కూర్చుని ఉంది కదా, జాగా బోలెడుంది కదా అనుకున్నాడు బాబు. అమ్మ పాస్‌వర్డ్ కొడుకు కనిపెట్టడానికి ఎంతసేపు పడుతుంది. సొంత డిస్కు చంకలో పెట్టుకుని వచ్చాడు, ఎక్కించాడు, పోయాడు. రెండో మిషన్‌కు లాగులు పెట్టుకునే చోటు లేకుండా పోయింది, మొదటిది ఆగినా అది అందుకోలేకపోయింది.

ఆ ఫోల్డర్ చెరిపేస్తే నిమిషాల్లో మెయిల్ నడుస్తుంది. నా చెయ్యి దాని మీదికి పోయింది కూడా. కానీ చెరిపితే కుళ్లాయప్పను కాపాడేది ఈ లోకంలో ఇంకేదీ మిగలదు. చెరపకుండా పోయి చెప్తే, కొడుకు మీద నింద వేశావంటూ ఆమె నన్నే అనుమానిస్తుంది. ఆ ఇంట్లో అనుమానం మీద పడ్డవాళ్ల గతి కుళ్లాయప్పలో రోజూ చూస్తున్నదాన్నే. నాకు భయమేసింది. బయట ఏ బండి చప్పుడైనా జీపేనేమో అనిపిస్తోంది.

పోయి, ఎవరూ రాలేదని కుళ్లాయప్ప అన్న మాట కూడా చెప్పి, ఆమెనే పైకి తీసుకొచ్చాను. "మీ కళ్లతో చూడండమ్మా," అన్నాను. కుళ్లాయప్పను కూడా లోపలికి రమ్మంది.

ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. ఒకదాని తర్వాత ఒకటి సినిమాల పేర్లు చదివింది. ఫోటోల్లో కొడుకు కప్పు పట్టుకుని నవ్వుతున్నాడు.

"తెలీక చేసినాడు," అంది చివరికి.

"అవునమ్మా, తెలీకే. ఇట్లవుతుందని ఎవరూ అనుకోరు."

అప్పుడు కుళ్లాయప్ప వైపు తిరిగింది. "తాళం తీసింది నువ్వే కదా?"

"తీసినానమ్మా."

"వాడు రోజూ వచ్చి పోయేది చూసినావు."

తలూపాడు.

"మరి ఎవరూ రాలేదంటివి. ఊర్నుంచి మనోళ్లు వస్తాండారని తెలుసు నీకు. కాళ్లూ చేతులూ ఇరగ్గొడతారని తెలుసు. అయినా చెప్పకపోతివి. ఏమిటికి?"

"భరతప్ప మీద మాట రాకూడదని."

 ఆమె పక్కనున్న కుర్చీలో మెల్లగా కూర్చుంది.  ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు.

"ఆపొద్దు కూడా ఇట్లనేనా కుళ్లాయీ?"

అతను తాళాల గుత్తిని గట్టిగా పట్టుకున్నాడు. "వద్దమ్మా."

"చెప్పు."

"పదేండ్లు అయిపాయ. వద్దులేమ్మా."

"నా మొగుడు పోయినాడప్పా. నాకు చెప్పు."

కుళ్లాయప్ప నేల చూస్తూ చెప్పాడు. "పసిపిల్లోడమ్మా. ఇస్కూలుకు తయారై, నాయన బండెక్కేది చూస్తా నిలబడిండె. ఫోన్ మోగితే ఎత్తినాడు. ఎవరో నాయన సావాసగాణ్ణి అన్యారు. ఎదురొస్తాం, నాయన ఏ బండిలో వస్తాండాడప్పా అని అడిగినారు. ముందు బండిలో అని చెప్పినాడు. నేను రేడియేటర్‌కు నీళ్లు పట్టుకోను వసారాలోకి వచ్చింటి. పిల్లోడు చెప్పేది యినబడె. ఎవరికి చెప్పినావప్పా అంటే, నాయన సావాసగానికంట అన్యాడు. నేను బయటికి ఉరికేలోగా ముందు బండి గేటు దాటిపాయ. హారన్ కొట్టుకుంటా ఎనకాలనే పోతి. అందుకోలేకపోతి."

ఆమె ఏడవలేదు. చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ ఉండిపోయింది.

"పోలీసోళ్లు అంత కొట్టినప్పుడన్నా చెప్పల్యా."

"చెప్తే ఆ పిల్లోడు ఎట్ల బతుకుతాడమ్మా? నాయన్ను నేనే చంపుకుంటి అని తెలిస్తే?"

"వానికి తెలుసా?"

"తెల్దమ్మా. అడిగినదానికి బదులు చెప్పినాడు, మరిచిపోయినాడు."

"నువ్వన్నా యాడికన్నా పోయింటే సరిపోయేది గదా. నేను చూసే చూపులన్నీ పడుకుంటా ఈడ ఏమిటికుంటివి?"

"నేను పోతే మీరు ఇంకొకరిని ఎతుకుతారు. ఎతుక్కుంటా పోతే భరతప్ప కాడికే వస్తారు." నడుముకున్న గుత్తి విప్పి, గది తాళమూ బండి తాళమూ కలిపి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు. "ఇంక నేనుండే పనిల్యా. సెలవియ్యండమ్మా."

 ఇందాక మెట్ల దగ్గర అతన్ని నేను చూసిన చూపు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ క్షణాన ఆ గదిలో ఉండకుండా ఉంటే బాగుండునని ఎంతగానో అనుకున్నాను.

కింద జీపు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. తలుపు తోసుకుని వచ్చింది భరత్. పద్దెనిమిదేళ్లవాడు, చేతిలో బైకు తాళం తిప్పుకుంటూ వచ్చి, ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైందమ్మా? మెయిల్ పోయిందంటాండారు. ఊర్నుంచి మనోళ్లు గూడా వచ్చినారు, ఏమిటికి?" తెర మీద తన సినిమాలు కనబడి నాలుక కరుచుకున్నాడు. "నా వల్లనా?"

సుబ్బలక్ష్మమ్మ గారు కొడుకు ముఖం చూసింది. అంతసేపు అతన్ని అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. 

"నీ వల్ల ఏం లేదప్పా," అంది. "మిషన్లో జాగా అయిపోయిందంట. ఈశ్వరి సరిచేస్తాది. పోయి వాళ్లకు టీ తాగిచ్చి పంపించు."

భరత్ ఊపిరి పీల్చుకుని, నా వైపు చూసి ఒక నవ్వు నవ్వి, రెండేసి మెట్లు దిగుతూ పోయాడు. ఆమె బల్ల మీది గుత్తిని కుళ్లాయప్ప వైపు జరిపింది.

"బండి తీ. బెళుగుప్పకు పోవల్ల."

"ఎనక బండా అమ్మా, ముందు బండా?"

"నేనెక్కే బండి," అంది, లేచి కొంగు సర్దుకుంటూ.

కుళ్లాయప్ప తాళాలు తీసుకుని ముందు నడిచాడు. వాళ్లు దిగిపోయాక నేను ఆ ఫోల్డర్ చెరిపేశాను. రెండో మిషన్ ఆగిపోయిన చోటి నుంచి లాగులు ఒకటొకటే అందుకోవడం మొదలుపెట్టింది. మెయిల్ లేచింది, కొటేషన్ పోయింది. కిటికీలోంచి కిందికి చూస్తే సుమో గేటు దాటుతోంది. ముందు సీట్లో, కుళ్లాయప్ప పక్కన, సుబ్బలక్ష్మమ్మ గారు కూర్చుని ఉంది. రెండో బండి ముంగిట్లోనే ఉంది.